జేమ్స్ మెకంజీ

ఈ వ్యాసం హృద్రోగ వైద్యుడైన జేమ్స్ మెకంజీ గురించి. తెలుగునాట కైఫియతులను, స్థానిక చరిత్రలను సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీ వేరొక వ్యక్తి.

సర్ జేమ్స్ మెకంజీ (ఏప్రిల్ 12, 1853 - జనవరి 26, 1925) స్కాట్లండుకు చెందిన ప్రముఖ వైద్యుడు, హృద్రోగ పరిశోధకుడు. ఆధునిక హృద్రోగ వైద్యశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకనిగా ఇతనిని పరిగణిస్తారు. ఇంగ్లండులోని బర్న్‌లీ అనే మిల్లుల పట్టణంలో సాధారణ వైద్యునిగా పనిచేస్తూనే, నాడి గతులను కాగితంపై నమోదు చేసే పాలీగ్రాఫ్ అనే పరికరాన్ని రూపొందించాడు. క్రమం తప్పిన గుండె లయలను రకాలుగా విభజించాడు. ఈనాడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పిలిచే లయదోషం రోగులలో ఎలా మొదలై ఎలా సాగుతుందో ఏళ్ల తరబడి గమనించి వివరించాడు. ఒక రోగలక్షణం కనిపించినప్పుడు ఆ రోగికి మున్ముందు ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు సమాధానం వెదకడమే ఇతని జీవితకాల కృషి. మన ప్రాచీన వైద్యులు సాధ్యాసాధ్య విచారణ అని పిలిచిన విషయం ఇదే.

బాల్యం, విద్యాభ్యాసం

మెకంజీ స్కాట్లండులోని పెర్త్‌షైర్ ప్రాంతంలో, స్కోన్ గ్రామం వద్ద ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పెర్త్ పట్టణంలో చదువుకున్నాడు. పాఠశాలలో చురుకైన విద్యార్థిగా పేరు తెచ్చుకోలేదు. పాఠాలను కంఠస్థం చేయడం ఇతనికి కష్టంగా ఉండేది. పదిహేనవ ఏట చదువు మానివేసి, పెర్త్‌లో ఒక మందుల దుకాణంలో శిక్షణకు చేరాడు. అక్కడ మందులు కలపడం, వైద్యుల చీటీలు చదవడం నేర్చుకున్నాడు. శిక్షణ ముగిసిన తరువాత దుకాణంలో భాగస్వామ్యం ఇస్తామన్నా అంగీకరించక, వైద్యుడు కావాలని నిశ్చయించుకున్నాడు.

1874లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరి 1878లో పట్టా పొందాడు. కొంతకాలం ఎడింబరో రాయల్ ఇన్‌ఫర్మరీలో హౌస్ ఫిజీషియన్‌గా పనిచేశాడు. ఆ రోజులలో వైద్యవిద్య ముఖ్యంగా ఆసుపత్రి పడకల చుట్టూ తిరిగేది. వ్యాధి బాగా ముదిరి ఆసుపత్రికి చేరిన రోగులనే విద్యార్థులు చూసేవారు. రోగం ఎక్కడ మొదలైందో, ఏ దారిన నడిచి అంతవరకు వచ్చిందో వారికి తెలిసే అవకాశం తక్కువ. ఈ లోపం మెకంజీకి తరువాతి కాలంలో బాగా అర్థమైంది. పరిశోధన ద్వారా ఎం.డి. పట్టాను 1882లో పొందాడు.

బర్న్‌లీలో వైద్యవృత్తి

1879లో మెకంజీ ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతానికి చెందిన బర్న్‌లీ పట్టణానికి వచ్చి, అక్కడ ముందునుండి వైద్యం చేస్తున్న విలియం బ్రిగ్స్, జాన్ బ్రౌన్‌లతో కలిసి ప్రాక్టీసు ప్రారంభించాడు. బర్న్‌లీ నూలు మిల్లులకు, బొగ్గు గనులకు ప్రసిద్ధి. రోగులలో అధికులు మగ్గాలపై పనిచేసే స్త్రీలు, గని కార్మికులు, వారి పిల్లలు. పగలు రాత్రి అనే తేడా లేకుండా ఇళ్లకు వెళ్లి వైద్యం చేయడం, కాన్పులు చేయడం ఇతని దినచర్య. ఈ పట్టణంలోనే 1907 వరకు, అంటే సుమారు 28 సంవత్సరాలు గడిపాడు.

వచ్చిన కొత్తలోనే మెకంజీకి ఒక సంగతి తెలిసివచ్చింది. తన వద్దకు వచ్చే రోగులలో చాలామంది చెప్పే బాధలకు పాఠ్యపుస్తకాలలో పేర్లు లేవు. నొప్పి, అలసట, ఆయాసం, గుండెదడ వంటి లక్షణాలు కనిపించినా ఏ వ్యాధి అని నిర్ణయించడం సాధ్యమయ్యేది కాదు. తన చదువు సరిపోలేదని భావించి, లక్షణాలనే మొదటినుండి అధ్యయనం చేయాలని నిశ్చయించుకున్నాడు. లోపలి అవయవాలలో బాధ పుట్టినప్పుడు శరీరం పైభాగాన చర్మంలోను, కండరాలలోను నొప్పి ఎందుకు కలుగుతుందో పరిశీలించడం ఇతని తొలి పరిశోధనలలో ఒకటి. ఈ పరిశీలనలు తరువాత 1909లో వెలువడిన రోగలక్షణాల గ్రంథానికి ఆధారమయ్యాయి.

మలుపు తిప్పిన మరణం

బర్న్‌లీకి వచ్చిన కొద్దికాలానికే జరిగిన ఒక సంఘటన మెకంజీ జీవితాన్ని మార్చివేసింది. ఇతని సంరక్షణలో ఉన్న ఒక గర్భిణి ప్రసవ సమయంలో గుండె వైఫల్యంతో మరణించింది. ఆమెకు హృద్రోగం ఉన్న సంగతి ప్రసవానికి ముందు ఇతను గ్రహించలేదు. ముందే గుర్తించి ఉంటే ఆ మరణాన్ని నివారించగలిగేవాడినా అన్న ప్రశ్న ఇతనిని వెంటాడింది.

అప్పటి గ్రంథాలను వెదికినా సమాధానం దొరకలేదు. గుండెలో మర్మర ధ్వని వినిపిస్తే ప్రమాదమని, నాడి క్రమం తప్పితే మరణం సమీపించిందని చెప్పడమే కాని, అటువంటి లక్షణాలున్న వ్యక్తి ఐదేళ్ల తరువాత, పదేళ్ల తరువాత ఎలా ఉంటాడో ఏ గ్రంథమూ చెప్పలేదు. ఎవరూ రోగులను అంతకాలం వెన్నంటి చూడకపోవడమే ఇందుకు కారణం. ఆసుపత్రి వైద్యులకు రోగి కొద్ది వారాలే కనిపిస్తాడు. సాధారణ వైద్యునికి మాత్రం అదే మనిషి యవ్వనం నుండి వార్ధక్యం వరకు, ఒక్కొక్కసారి తల్లి నుండి బిడ్డ వరకు కనిపిస్తాడు. కనుక ఈ పని చేయదగినవాడు సాధారణ వైద్యుడేనని మెకంజీ గుర్తించాడు.

అప్పటినుండి గుండెలో ఏ చిన్న తేడా కనిపించినా ఆ రోగి పేరిట వివరాలు రాసి ఉంచడం, ఏటేటా తిరిగి పరీక్షించి మార్పులను చేర్చడం ప్రారంభించాడు. గర్భవతులను ప్రత్యేకంగా గమనించాడు. ఈ కృషి ఫలితంగా నలభై సంవత్సరాల తరువాత, 1921లో, హృద్రోగము - గర్భధారణ అనే విషయంపై ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. హృద్రోగం ఉన్న స్త్రీలలో ఎవరు సురక్షితంగా ప్రసవించగలరో, ఎవరికి ప్రమాదం ఉన్నదో విడదీసి చెప్పడం అందులోని ముఖ్యాంశం.

నాడీ పరిశోధన, పాలీగ్రాఫ్

మణికట్టు వద్ద నాడి కదలికను గీతగా నమోదు చేసే పరికరాలు మెకంజీకి ముందే ఉన్నాయి. డడ్జియన్ రూపొందించిన స్ఫిగ్మోగ్రాఫ్ అప్పట్లో ప్రచారంలో ఉండేది. మణికట్టు నాడి గుండె కింది గదులైన జఠరికల పనిని మాత్రమే తెలుపుతుంది. పై గదులైన కర్ణికల కదలిక దాని ద్వారా తెలియదు. మెడలో ఉండే కంఠసిర కుడి కర్ణికకు దగ్గరగా ఉంటుంది. కర్ణిక సంకోచించినప్పుడు ఆ సిరలో ఒక చిన్న అల పుడుతుంది. మణికట్టు నాడిని, మెడలోని సిర కదలికను ఒకే కాగితంపై ఒకే సమయంలో నమోదు చేస్తే, కర్ణికలు, జఠరికలు ఏ వరుసలో పనిచేస్తున్నాయో పోల్చి చూడవచ్చునని మెకంజీ గ్రహించాడు.

ఇందుకోసం చిన్న గరాటు వంటి గిన్నెను మెడపై ఆనించి, రబ్బరు గొట్టం ద్వారా సిర కదలికను గీత గీసే మీటకు అందించే ఏర్పాటు చేశాడు. మొదటి పరికరాలలో పొగపట్టించిన కాగితంపై గీతలు పడేవి. తరువాత లాంకషైర్‌కు చెందిన గడియారాల నిపుణుడు సెబాస్టియన్ షా సహాయంతో, పొడవైన కాగితపు చుట్టపై సిరాతో గీతలు గీసే పాలీగ్రాఫ్‌ను తయారు చేయించాడు. చేతితో తీసుకువెళ్లగలిగిన ఈ పరికరం వల్ల రోగి మంచం పక్కనే, ఇంటిలోనే, చాలాసేపు గుండె లయను నమోదు చేయడం వీలైంది.

కంఠసిర గీతలో కనిపించే అలలకు మెకంజీ ఇచ్చిన ఏ, సీ, వీ అనే గుర్తులు నేటికీ వైద్యవిద్యలో వాడుకలో ఉన్నాయి. ఏ అనే అల కర్ణిక సంకోచాన్ని తెలుపుతుంది. సీ అనే అల మెడలోని కెరోటిడ్ ధమని కదలిక వల్ల ఏర్పడుతున్నదని మెకంజీ భావించాడు. వీ అనే అల జఠరిక సంకోచ కాలంలో కర్ణిక నిండటానికి సంబంధించినది.

అక్రమ నాడి - రకాలు

నాడి క్రమం తప్పడం ఒకే వ్యాధి కాదని, అందులో వేర్వేరు రకాలున్నాయని మెకంజీ నిరూపించాడు. ఇతని వర్గీకరణలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది బాలురలోను, యువకులలోను ఊపిరి పీల్చి వదలడాన్ని బట్టి నాడి వేగం మారడం. ఇది వ్యాధి కాదని, దీనివల్ల ఏ హానీ లేదని ఇతను తేల్చాడు.

రెండవది అకాల స్పందనలు. గుండె తన వంతు రాకముందే ఒకసారి కొట్టుకొని, ఆ తరువాత కొద్దిగా ఆగుతుంది. రోగికి గుండె ఒక్క క్షణం తప్పినట్లు అనిపిస్తుంది. ఇటువంటి స్పందనలున్న వ్యక్తులను ఏళ్ల తరబడి గమనించి, వేరే గుండె జబ్బు లేనప్పుడు వీటివల్ల సాధారణంగా ఆయుష్షుకు ముప్పు లేదని చెప్పాడు.

మూడవది ఏ క్రమమూ లేకుండా నాడి ఎప్పుడూ అస్తవ్యస్తంగా ఉండడం. ఇదే తీవ్రమైనదని, ఈ స్థితి ఏర్పడిన తరువాత చాలామంది రోగులలో గుండె బలహీనపడుతున్నదని గుర్తించాడు.

ఈ విభజన వలన కలిగిన మేలు చాలా పెద్దది. ఆ కాలంలో నాడి కొద్దిగా తప్పిందని, గుండెలో చిన్న శబ్దం వినిపించిందని వైద్యులు ఆరోగ్యవంతులైన పిల్లలను ఆటపాటలకు దూరం చేసేవారు. యువకులను ఉద్యోగాలకు పనికిరారని తిప్పి పంపేవారు. స్త్రీలను మంచానికే పరిమితం చేసేవారు. లక్షణం కనిపించడం వేరు, దానివల్ల హాని కలగడం వేరు అని మెకంజీ తన రికార్డుల సహాయంతో చూపించాడు. ఈ పరిశీలనలన్నీ 1902లో నాడీ అధ్యయనం అనే గ్రంథంగా వెలువడ్డాయి. ఈ గ్రంథం బర్న్‌లీ వైద్యుని పేరును ఐరోపా అంతటా పరిచయం చేసింది. డచ్చి వైద్యుడు కారెల్ వెంకెబాక్ వంటి పరిశోధకులతో ఇతనికి స్నేహం ఏర్పడింది.

కర్ణికల స్తంభన నుండి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వరకు

మెకంజీ దీర్ఘకాలం గమనించిన రోగులలో మిట్రల్ కవాటం ఇరుకైన ఒక స్త్రీ ఉన్నది. 1880 ప్రాంతం నుండి ఆమెను పరీక్షిస్తూ వచ్చాడు. చాలా సంవత్సరాలు ఆమె నాడి క్రమంగానే ఉండేది. కంఠసిరలో కర్ణిక అల స్పష్టంగా కనిపించేది. జఠరిక సంకోచానికి ముందు గుండెలో మర్మర ధ్వని వినిపించేది. 1890ల చివరలో ఆమె నాడి అకస్మాత్తుగా అస్తవ్యస్తమైంది. అదే సమయంలో కంఠసిరలోని కర్ణిక అల మాయమైంది, సంకోచానికి ముందు వినిపించే ధ్వని కూడా మాయమైంది. ఒకే రోగిని ఇరవై సంవత్సరాల వరకు చూసి ఉండకపోతే ఈ మూడు మార్పులు ఒకేసారి జరిగాయన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

కర్ణికలు పనిచేయడం మానివేశాయని మెకంజీ ఊహించి, ఈ స్థితికి కర్ణికల స్తంభన అని పేరు పెట్టాడు. కాని ఇటువంటి రోగులు మరణించిన తరువాత గుండెను పరీక్షించగా, కర్ణికల గోడలు సన్నబడకుండా కొందరిలో మందంగా ఉన్నాయి. పనిచేయని కండరం క్షీణించాలి కాని మందం కారాదు. కనుక తన మొదటి ఊహ తప్పని ఒప్పుకున్నాడు. లయ కర్ణికలకు, జఠరికలకు మధ్యనున్న కణుపులో పుట్టి రెండింటినీ ఒకేసారి కదిలిస్తున్నదని భావించి, దానికి నోడల్ లయ అని పేరు మార్చాడు. 1908లో ప్రచురించిన హృద్రోగాలు అనే గ్రంథంలో ఈ అభిప్రాయాన్నే వివరించాడు.

ఈ రెండవ అభిప్రాయం కూడా నిలువలేదు. జంతువుల కర్ణికలు వణికినట్లు కంపించడాన్ని ప్రయోగశాలలలో అప్పటికే చూసి ఉన్నారు. ఆ స్థితికి, మనుషులలోని అస్తవ్యస్త నాడికి పోలిక ఉన్నదని ఔషధ శాస్త్రవేత్త ఆర్థర్ కుష్నీ సూచించాడు. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ ఐంతోవెన్ రూపొందించిన ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్ అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్నది. మెకంజీ ప్రోత్సాహంతో లయదోషాల పరిశోధనలోకి వచ్చిన యువ వైద్యుడు థామస్ లూయిస్ ఈ పరికరం సహాయంతో, నిరంతర అక్రమ నాడికి కారణం కర్ణికల కంపనమేనని 1909లో నిరూపించాడు. అదే సంవత్సరం వియన్నాలో రోత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్ కూడా ఇదే నిర్ణయానికి వచ్చారు. లూయిస్ తరువాత ఇటువంటి నాడి గల గుర్రాలను పరీక్షించి, వాటి కర్ణికలు కంపించడాన్ని కళ్లారా చూశాడు.

ఈ స్థితిలో కర్ణికలు పూర్తిగా ఆగిపోవు, క్రమంగానూ సంకోచించవు. వాటి కండరం నిమిషానికి కొన్ని వందలసార్లు, ఏ వరుసా లేకుండా వణుకుతుంది. ఆ ప్రేరణలలో కొన్ని మాత్రమే మధ్య కణుపును దాటి జఠరికలకు చేరుతాయి. అందువల్లనే నాడి అస్తవ్యస్తమవుతుంది. మెకంజీ తన వివరణ తప్పని అంగీకరించి, లూయిస్ నిర్ణయాన్ని స్వీకరించాడు. వివరణ మారినా, ఆయన సేకరించిన రోగుల చరిత్రలు మాత్రం చెక్కు చెదరలేదు.

మెకంజీ పరిశోధన శరీర నిర్మాణ శాస్త్రానికి కూడా తోడ్పడింది. తన రోగులు మరణించిన తరువాత వారి గుండెలను పరీక్ష కోసం లండన్‌లోని ఆర్థర్ కీత్‌కు పంపేవాడు. ఆ ఆసక్తితో పరిశోధన కొనసాగించిన కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే విద్యార్థితో కలిసి, గుండె లయకు జన్మస్థానమైన సైనో ఏట్రియల్ కణుపును 1907లో వెలుగులోకి తెచ్చాడు.

డిజిటాలిస్ చికిత్స

ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకుల నుండి లభించే డిజిటాలిస్‌ను విలియం విథరింగ్ 1785లో వైద్యలోకానికి పరిచయం చేశాడు. అయితే ఆ మందు ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో వంద సంవత్సరాలు గడిచినా స్పష్టం కాలేదు. నాడి వేగంగాను, అస్తవ్యస్తంగాను ఉన్న రోగులలోనే డిజిటాలిస్ అద్భుతంగా పనిచేస్తున్నదని మెకంజీ గుర్తించాడు. కర్ణికల కంపనం ఆగకపోయినా, జఠరికలకు చేరే ప్రేరణలు తగ్గి నాడి నెమ్మదిస్తుంది. గుండెకు నిండే సమయం దొరుకుతుంది. ఆయాసం, కాళ్ల వాపు తగ్గి రోగి తిరిగి పనిచేసుకోగలుగుతాడు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ గల రోగి భవిష్యత్తు నాడి అక్రమం మీద కాక, జఠరికల వేగం మీద, గుండె కండరం బలం మీద ఆధారపడి ఉంటుందని ఇతను బోధించాడు.

లండన్ జీవితం

1907లో, 54వ ఏట, మెకంజీ స్థిరపడిన ప్రాక్టీసును వదలి లండన్‌కు తరలివెళ్లాడు. తన పరిశోధన ఫలితాలు వైద్యవిద్యలో భాగం కావాలన్నదే ఇతని ఉద్దేశం. మిల్లుల పట్టణం నుండి వచ్చిన సాధారణ వైద్యునికి రాజధానిలో మొదట ఆదరణ లభించలేదు. తొలి సంవత్సరంలో సంపాదన చాలా స్వల్పం. 1908లో హృద్రోగాలు గ్రంథం వెలువడిన తరువాత పరిస్థితి మారింది. దేశవిదేశాల నుండి రోగులు, యువ వైద్యులు ఇతని వద్దకు రాసాగారు. 1909లో హార్ట్ అనే పరిశోధన పత్రికను లూయిస్ ప్రారంభించడానికి మెకంజీ తోడ్పడ్డాడు.

1913లో లండన్ హాస్పిటల్‌లో హృద్రోగ విభాగం బాధ్యతలు స్వీకరించాడు. 1915లో రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే సంవత్సరం సర్ బిరుదు లభించాయి.

మొదటి ప్రపంచ యుద్ధం

యుద్ధకాలంలో వేలాది సైనికులు గుండెదడ, ఆయాసం, అలసట కారణంగా యుద్ధరంగం నుండి వెనుకకు వచ్చారు. వీరికి హృద్రోగం ఉన్నదని అధికారులు భావించేవారు. 1916లో హాంప్‌స్టెడ్‌లో ఏర్పాటైన సైనిక హృద్రోగ ఆసుపత్రికి మెకంజీ, విలియం ఆస్లర్, క్లిఫర్డ్ ఆల్బట్‌లు సలహాదారులుగా వ్యవహరించారు. లూయిస్ అక్కడ పరిశోధన నిర్వహించాడు. 1917లో ఈ ఆసుపత్రిని కోల్చెస్టర్‌కు తరలించారు. ఈ సైనికులలో చాలామంది గుండెకు ఏ వ్యాధీ లేదని తేలింది. క్రమపద్ధతిలో వ్యాయామం చేయించగా అనేకులు కోలుకున్నారు. మర్మర ధ్వని విన్నంత మాత్రాన మనిషిని రోగిగా ముద్ర వేయరాదన్న మెకంజీ బోధనకు ఇది బలం చేకూర్చింది.

సెయింట్ ఆండ్రూస్ సంస్థ

కీర్తి, సంపాదన ఉచ్చస్థితిలో ఉండగానే మెకంజీ 1918లో లండన్‌ను వదలి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణానికి వెళ్లాడు. అక్కడ 1919లో క్లినికల్ పరిశోధన సంస్థను స్థాపించాడు. పట్టణంలోని సాధారణ వైద్యులందరూ తమ రోగుల వివరాలను బాల్యం నుండి నమోదు చేసి, వ్యాధి తొలి సంకేతాలను కనిపెట్టడం ఈ సంస్థ ఆశయం. ఆరోగ్యానికి, వ్యాధికి మధ్యనున్న దశను అర్థం చేసుకోకపోతే వైద్యం ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతుందని ఇతని అభిప్రాయం.

ఈ ప్రయత్నం ఆశించినంత ఫలించలేదు. వ్యాధుల ఆరంభాన్ని తెలుసుకోవడానికి ఒక తరం కాలం కావాలి. మెకంజీకి మిగిలినది కొద్ది సంవత్సరాలే. ఆరోగ్యం క్షీణించి తిరిగి లండన్‌కు వెళ్లవలసివచ్చింది. అయినప్పటికీ ఒక జనసమూహాన్ని దశాబ్దాల తరబడి వెన్నంటి పరిశీలించే తరువాతి కాలపు అధ్యయనాలకు ఈ ఆలోచన పూర్వరూపం వంటిది.

పరికరాలపై అభిప్రాయం

పాలీగ్రాఫ్ సృష్టికర్త అయినప్పటికీ మెకంజీ పరికరాలను అతిగా నమ్మడాన్ని వ్యతిరేకించాడు. పరికరం ఒక దోషాన్ని చూపగలదు కాని, ఆ దోషం రోగిని ఏమి చేయబోతున్నదో చెప్పలేదని, దానిని రోగి కాలగమనమే చెబుతుందని ఇతని వాదన. ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్ పట్ల కూడా ఇదే వైఖరి చూపాడు. ఈ విషయంలో లూయిస్‌కు, ఇతనికి దృక్పథంలో తేడా ఉండేది. ప్రయోగశాల పట్ల మెకంజీ అనుమానం హద్దు మీరినదని కొందరు విమర్శించారు. తాను చూసిన లయదోషానికి సరైన అర్థం చివరకు ప్రయోగశాల నుండి, ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్ నుండే లభించిందన్నది గమనించదగిన విషయం.

వ్యక్తిగత జీవితం, మరణం

మెకంజీ 1887లో ఫ్రాన్సెస్ బెల్లమీ జాక్సన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. గోల్ఫ్ ఆట అంటే ఇతనికి చాలా ఇష్టం.

గుండె జబ్బులపై జీవితమంతా కృషి చేసిన మెకంజీ తానే గుండె జబ్బుకు గురయ్యాడు. చాలా సంవత్సరాలు ఆంజైనా నొప్పితో బాధపడ్డాడు. తన నొప్పిని కూడా ఇతర రోగుల వివరాల వలెనే శ్రద్ధగా రాసి ఉంచాడు. 1923లో వెలువడిన ఆంజైనా గ్రంథంలో, పేరు చెప్పకుండా, తన వ్యాధి చరిత్రను ఒక రోగి చరిత్రగా చేర్చాడు. 1925 జనవరి 26న లండన్‌లో మరణించాడు. తన గుండెను పరీక్షించాలన్న ఇతని కోరిక మేరకు శవపరీక్ష జరిపారు. గుండెకు రక్తాన్ని అందించే కొరోనరీ ధమనులు వ్యాధిగ్రస్తమై ఉన్నట్లు, గుండె కండరంలో పాత మచ్చ ఉన్నట్లు తేలింది. ఆ గుండెను సెయింట్ ఆండ్రూస్‌లో భద్రపరిచారు.

ముఖ్య రచనలు

నాడీ అధ్యయనం (1902)
హృద్రోగాలు (1908)
రోగలక్షణాలు - వాటి అర్థవివరణ (1909)
వైద్యశాస్త్ర భవిష్యత్తు (1919)
హృద్రోగము - గర్భధారణ (1921)
ఆంజైనా పెక్టోరిస్ (1923)

నేటి వైద్యంలో మెకంజీ ప్రశ్న

మెకంజీ కాలంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను ఆపే చికిత్స లేదు. నాడిని నెమ్మదింపజేయడం మాత్రమే సాధ్యమయ్యేది. 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసాగెర్ బృందం 45 మంది రోగులను పరీక్షించి, కంపనాన్ని ప్రేరేపించే స్పందనలలో అత్యధికం ఊపిరితిత్తుల నుండి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే సిరలలో పుడుతున్నాయని కనుగొన్నది. ఈ ఆవిష్కరణ కాథెటర్ అబ్లేషన్ అనే చికిత్సకు దారితీసింది. తొడ వద్ద ఉన్న సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, వేడితో గాని, అతిశీతలంతో గాని, ఇటీవలి కాలంలో విద్యుత్ స్పందనలతో గాని, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ మచ్చ ఏర్పరుస్తారు. సిరలలో పుట్టిన ప్రేరణలు ఆ మచ్చను దాటి కర్ణికకు చేరలేవు.

ఈ చికిత్స చేయించుకున్న వారందరికీ శాశ్వతంగా నయం కాదు. కొందరికి సిరల చుట్టూ ఏర్పడిన మచ్చలో ఖాళీలు పడి ప్రేరణలు తిరిగి ప్రవేశిస్తాయి. మరికొందరిలో కర్ణిక కండరమే వ్యాధిగ్రస్తమై కొత్త చోట్ల నుండి కంపనం మొదలవుతుంది. అందువల్ల ఎవరికి దీర్ఘకాలం మేలు జరుగుతుందో ముందుగా అంచనా వేయడం నేడు ముఖ్యమైన పరిశోధనాంశం. కంపనం వచ్చి పోతూ ఉండే రోగులలో ఫలితం మెరుగ్గా ఉంటుంది. కంపనం ఎడతెగకుండా సాగుతున్నవారిలోను, ఎడమ కర్ణిక పెద్దదైనవారిలోను తిరగబెట్టే అవకాశం ఎక్కువ. వయస్సు, మూత్రపిండాల పనితీరు, గుండె పంపు చేసే సామర్థ్యం కూడా లెక్కలోకి వస్తాయి. ఈ ఐదు అంశాలకు ఒక్కొక్క మార్కు ఇచ్చే యాపిల్ స్కోరు వంటి కొలమానాలు రూపొందాయి. అయితే వీటి అంచనా శక్తి పరిమితమైనదే. ఒక సమూహంలో ఎందరికి తిరగబెట్టవచ్చో చెప్పినంత కచ్చితంగా, ఎదుటనున్న ఒక్క రోగికి ఏమి జరుగుతుందో ఇవి చెప్పలేవు.

చికిత్స ఫలించిందని దేనిని బట్టి నిర్ణయించాలన్నది మరొక ప్రశ్న. తొలి వారాలలో వచ్చే లయదోషం గుండె మానే క్రమంలో భాగం కావచ్చు గనుక దానిని వైఫల్యంగా లెక్కించరు. ఈ గడువును మూడు నెలలుగా పాటించేవారు. 2024లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఒప్పందం దానిని ఎనిమిది వారాలకు కుదించింది. ఆ తరువాత 30 సెకన్లపాటు కంపనం కనిపించినా పరిశోధనలలో తిరగబెట్టినట్లే లెక్కించడం ఆనవాయితీ. కాని గంటల తరబడి కంపనంతో బాధపడిన రోగికి అది కొద్ది సెకన్లకు తగ్గడం పెద్ద ఉపశమనమే. 2018లో వెలువడిన కాసిల్ ఏ.ఎఫ్. పరిశోధనలో, గుండె వైఫల్యం కూడా ఉన్న 363 మంది రోగులలో, అబ్లేషన్ మరణాలను, ఆసుపత్రి చేరికలను తగ్గించింది. 2019లో వెలువడిన కబానా పరిశోధనలో 2,204 మందిని పరిశీలించగా, కంపనం తిరగబెట్టడం తగ్గినప్పటికీ, మరణం, పక్షవాతం, తీవ్ర రక్తస్రావం, గుండె ఆగిపోవడం అనే ముఖ్య ఫలితాల మొత్తంలో మందుల కంటే స్పష్టమైన తేడా కనిపించలేదు. లయ సరిపడినంత మాత్రాన పక్షవాతం ముప్పు తొలగినట్లు కాదు గనుక, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు కొనసాగించాలా వద్దా అన్నది రోగికి ఉన్న ఇతర ప్రమాదాలను బట్టి నిర్ణయిస్తారు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు మూలమైన మిట్రల్ కవాట వ్యాధి, మెకంజీ బర్న్‌లీలో చూసినటువంటిదే, రుమాటిక్ జ్వరం కారణంగా భారతదేశంలో నేటికీ యువతులలో సైతం కనిపిస్తున్నది. గర్భధారణ సమయంలో ఈ వ్యాధి బయటపడడం కూడా అరుదు కాదు. గుండె శబ్దాలను ముందే పరీక్షించి, ఎకోకార్డియోగ్రామ్ ద్వారా కవాటాన్ని పరిశీలించి, ప్రమాదాన్ని అంచనా వేయడం ఇప్పుడు సాధ్యమవుతున్నది.

గుర్తింపు

బ్రిటన్‌లోని సాధారణ వైద్యుల కళాశాల ఏటా మెకంజీ పేరిట స్మారకోపన్యాసం ఏర్పాటు చేస్తున్నది. మెక్‌నెయిర్ విల్సన్ 1926లోను, అలెక్స్ మెయిర్ 1973లోను ఇతని జీవితచరిత్రలు ప్రచురించారు. పాలీగ్రాఫ్ స్థానాన్ని ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్ ఆక్రమించి చాలాకాలమైంది. మెకంజీ పెట్టిన నోడల్ లయ అన్న పేరు ఈ వ్యాధికి నిలువలేదు. ఒక లక్షణానికి అర్థం తెలియాలంటే ఆ లక్షణమున్న మనిషిని చివరివరకు వెన్నంటి చూడాలన్న ఇతని పద్ధతి మాత్రం, అబ్లేషన్ తరువాత రోగులను ఐదేళ్లు, పదేళ్లు పరిశీలించే నేటి అధ్యయనాలలో కొనసాగుతున్నది.